ఈసక్కి గుర్రం మునిగిన చోట

మా గడియారంలో పదకొండు ఇరవై.
సోమవారం ఇంకా కాస్త మిగిలే ఉంది.
లూలెయోలో, మూడో అంతస్తులో, నాలుగు తెరల ముందు నేను,
చల్లారిన కాఫీ.
చెవిలో ఒక ముసలి గొంతు:
"నదిలో ఎర్రదీపం వెలుగుతోందమ్మా.
మంచు కింద."

ముందు ఎక్కడ, తర్వాతే ఏమిటి.
శిక్షణలో మొదటి రోజు చెప్పిన మాట.
లైను తెగిపోయినా, ఏమిటో తెలియకపోయినా
బండి బయలుదేరుతుంది.
ఎక్కడో తెలియకపోతే
ఇంజను ఆన్ చేసుకుని గుమ్మంలోనే నిలబడుతుంది.

"ఎక్కడమ్మా?"
"ఈసక్కి గుర్రం మునిగిన చోట."

అందరికీ తెలిసిన చోటని ఆవిడ ధీమా.
నా ఫారంలో గుర్రానికి గడి లేదు.
అక్షాంశం, రేఖాంశం, మునిసిపాలిటీ, దేశం.
దేశం పక్కన చిన్న నక్షత్రం:
ఖాళీగా వదలరాదు.

మ్యాపు మీద ఆవిడ చుక్క మా ఒడ్డున వెలిగింది.
చుక్క అబద్ధమాడుతోంది.
ఆవిడ ఫోను టోర్నె నది దాటొచ్చి
మా టవర్ని పట్టుకుంది,
చలికి పక్కింటి పొయ్యి దగ్గర చేరినట్టు.
యాస పట్టిచ్చింది. అవతలి ఒడ్డు యాస.
మా అమ్మమ్మ వంటింట్లో మాట్లాడే మాట,
బడిలో నోరు జారితే
అరచేతుల మీద బెత్తం పడిన మాట.
దాంట్లోనే అడిగాను:
"ఎల్మీ అమ్మా, మీ కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?"

"వలలు ఆరేసే కొట్టం.
ఎదురుగా ఓ పచ్చరంగు ఇల్లు, అది మీ వైపుది.
దీపం రెంటికీ నడుమ. కాదు, కొంచెం మా వైపు.
కాదమ్మా,
అది జరుగుతోంది."

మంచు కింద ప్రవాహం ఆగదు కదా.
స్కూటరు వెనక దీపం
దేశం మారుతూ పోతోంది.
లోతు వెంబడి గీసిన గీత అది. నది ఒండ్రు మేసి పక్కకు ఒరిగితే
పాతికేళ్ళకోసారి సర్వేయర్లొచ్చి
గీతకు నచ్చజెప్పి వెళతారు.

రెండో లైన్లో ఔలు.
అక్కడ మంగళవారం అప్పటికే పుట్టింది.
"మీదా, మాదా?" అన్నాడు అటు కుర్రాడు.
తప్పేం లేదు. అతని తెర మీదా ఆ నక్షత్రముంది.
"తాడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది," అన్నాను.
రెండు వైపుల నుంచీ బళ్ళు కదిలాయి.

వాళ్ళ తాడు ముందొచ్చింది. నాలుగు నిమిషాలు ముందు.
అందుకని, అంతకు మించి ఏ కారణమూ లేక,
నేను ఫిన్లాండ్ అని నొక్కాను.

తూరెని పైకి తీశారు.
డాక్టరు చూసి పెదవి విరిచేసరికి
వాళ్ళ గోడ మీద పన్నెండు యాభై రెండు.

పదిరోజులకు ఆఫీసు నంబరుకి ఫోను. తూరె అక్క, లెంపి.
"రాయి చెక్కేవాడు తేదీ అడుగుతున్నాడు.
మావాడి చేతి గడియారం ఎప్పుడూ మీ టైముకే.
ముప్పై ఏళ్ళు మీ వైపు రంపపు మిల్లులో చేశాడు,
అన్నానికి రోజూ గంట లేటు.
వాడి లెక్కన ఆ రాత్రి ఇంకా సోమవారమే.
ఏది చెక్కించమంటారు?"

రికార్డు తెరిచాను.
మంగళవారమని ఉంది. మంగళవారమనే చెప్పాను.
కాగితం మీద పెన్సిలు గీరుకున్న చప్పుడు వినబడింది.

ఇంకేమైనా ఉందా అందులో, అందావిడ.
కింద, ఇతర వివరాలు అన్న చోట
హడావిడిలో నేనే కొట్టిన ముక్క ఒకటుంది.
చదివాను.

ఆవిడ నవ్విందో, దగ్గిందో.
"విర్కు దాని పేరు.
మునిగిందే గానీ చావలేదు.
ఆ తర్వాత ఆరేళ్ళు గడ్డి లాగింది."

ఆ సంగతి ఎక్కిద్దామని చూశాను.
రికార్డు మూసేశారు అప్పటికే,
కొత్త అక్షరం తీసుకోదు.